ఎగిరేటప్పుడు లేని నొప్పి

కోరుట్ల,
9-10-2011

చిరంజీవి శ్రావణికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నాన్న, నానమ్మ, నేను బాగానే ఉన్నాం. నువ్వు కూడా వేళకు తింటూ కులాసాగా ఉన్నావని నమ్మి రాస్తున్నాను. బస్సులు లేవు కాబట్టి దేవదాస్ మామ బైకు మీద సిరిసిల్లలో మీ హాస్టల్ వైపు వస్తుంటే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. వాకిట్లో బండి మీద కూర్చుని, “అక్కా, ఎండెక్కుతంది, జల్ది రాయి” అని ఇప్పటికే రెండుసార్లు కేకేశాడు.

తెలంగాణ కోసం సమ్మె మొదలై నేటికి ఇరవై ఏడు రోజులు. మా బడికి తాళం. టీచర్లమంతా పొద్దున్నుంచి దీక్షా శిబిరంలో కూర్చుంటున్నాం. కూర్చోవడం నాకు చేతకాదని నీకు తెలుసు కదా, గంటకోసారి లేచి టెంటు చుట్టూ తిరిగొస్తాను. కరెంటు కోతలతో నాన్నకు మరమగ్గం పని సగం పూటే.

ఇక నీ ప్రశ్నలు. వాలీబాల్‌లో స్మాష్ కొట్టే ముందు కిందికి వంగి ఒక్క క్షణం ఆగితే ఎత్తు ఎందుకు తగ్గుతుందని అడిగావు. వంగినప్పుడు తొడ కండ, పిక్క సాగుతాయి. ఆ సాగిన ఊపు ఆగితే పోతుంది. అందుకే వంగీ వంగగానే లేవాలి. ముందు తుంటి, తర్వాత మోకాలు, చివరికి చీలమండ. నువ్వు మడమలు ముందే లేపేస్తావు. ఆ తొందర నా పోలికే.

ఎగిరేటప్పుడు లేని నొప్పి దిగేటప్పుడు ఎందుకని రెండో ప్రశ్న. అది చదివి నాలుగు రోజులైంది, నాకు అన్నం సయించడం లేదు. ఎగిరేటప్పుడు కండలు ముడుచుకుంటూ నిన్ను పైకి నెడతాయి. దిగేటప్పుడు అవే కండలు సాగుతూ ఒంటి బరువుకు మూడు నాలుగింతల భారాన్ని ఆపాలి. అప్పుడు మోకాలి కింది ఎముక ముందుకు జారకుండా లోపల ఒక లిగమెంట్ పట్టి ఉంచుతుంది.

నిన్న శిబిరం ముందు నడిరోడ్డు మీద పిల్లలతో ఆటలు ఆడించారు. ఒక పిల్ల ఎగిరి దిగుతుంటే మోకాలు లోపలికి వాలింది. నేను పరుగున వెళ్లి, మోకాళ్లు వంచి రెండు కాళ్ల మీద మెత్తగా దిగడం ఆ పిల్లతో పదిసార్లు చేయించాను. మా బడి బాలలక్ష్మి టీచర్ నన్ను పక్కకు పిలిచింది.

“మంది పిల్లల మోకాళ్లు మంచిగ సూస్తవు సుమిత్రా. నీ బిడ్డకు ఎప్పుడు చెప్తవ్?” అంది. నీ స్కానింగ్ రిపోర్టు తెచ్చిన రోజు నాతో వచ్చింది ఆమే.

అవును బిడ్డా. ఆగస్టులో నీకు కండ పట్టేసిందని చెప్పాను. అబద్ధం. నీ ఎడమ మోకాలి లిగమెంట్ సగం తెగింది. ఎగరడం ఆపకపోతే మొత్తం తెగుతుందని డాక్టర్ ఆ రోజే చెప్పాడు. జగిత్యాలలో రాష్ట్ర జట్టు సెలెక్షన్స్ అయ్యేదాకా మోకాలు నిలిస్తే చాలని నోరు మూసుకున్నాను. నీ భవిష్యత్తు కోసమని నాన్నతో అన్నాను. అదీ నిజం కాదు. పీఈటీ సుమిత్ర బిడ్డ రాష్ట్రానికి ఆడుతుందని నలుగురూ అనాలని నా ఆశ. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

సమ్మెతో సెలెక్షన్స్ వాయిదా పడితే, ఆలోగా నీ మోకాలికి విశ్రాంతి దొరుకుతుందని ఊపిరి పీల్చుకున్నాను. తెలంగాణ రావాలి, కానీ బస్సులు ఇప్పుడే తిరగొద్దని లోపల కోరుకున్నాను. నువ్వేమో బడి లేదు కాబట్టి రెండు పూటలా ప్రాక్టీస్ చేస్తున్నామని రాశావు.

రిపోర్టు నీకే పంపి, కోచ్ కనకయ్య సార్‌కు చూపడం నీ ఇష్టమని ముందు రాశాను. ఆ కాగితం చింపేశాను. పదహారేళ్ల పిల్ల తేల్చుకోవలసిన సంగతి కాదది. రిపోర్టు మామ నేరుగా సార్ చేతికే ఇస్తాడు. నువ్వు ఇది చదివేసరికి జట్టులోంచి నీ పేరు తీసేసి ఉంటారు. తీయమని రాసింది నేనే, సార్ మీద కోపం పెట్టుకోకు.

నన్ను తిట్టు. ఎన్నాళ్లు మాట్లాడకపోయినా పడతాను. ఏడుపొస్తే ఏడువు తల్లీ, ఈ పూట నుంచి ఎగరొద్దు.

ఇట్లు,
మీ అమ్మ