ఆ ఇంటి నీళ్ళు

చాందా, 18-9-1959

అమ్మమ్మా, ఎవరి నోటనో వినకముందే నీకు నేనే చెప్పుకోవాలని రాస్తున్నాను. పోస్టు సమ్మన్నా, ఇది ఆమెకు మెల్లగా చదివి వినిపించు.

పోయిన వారం నాకు జ్వరం వచ్చింది. ఈ హాస్టల్లో పొద్దంతా మరాఠీయే. కళ్ళు మూసుకుని ఉంటే, "ఇన్ని నీళ్ళు తాగు బిడ్డా" అని వినబడింది. నువ్వే వచ్చావనుకుని తాగాను. ఇచ్చింది నా గదిలో కొత్తగా చేరిన చంద్రకళ. లేచాక ఊళ్ళు చెప్పుకుంటే అసలు సంగతి తెలిసింది. నువ్వు పుట్టకముందు మీ అమ్మ రాజక్క దావా వేసింది వాళ్ళ ముత్తాత మీదనే. తండ్రి చేను కోసం ఇరవై ఏళ్ళు కచేరీకి తిరిగి ఓడిపోయి, ఆ ఇంటి నీళ్ళు మన ఇంట్లో ఎవరూ ముట్టొద్దని ఆమె పెట్టిన ఒట్టు నా వల్ల తప్పింది. నేను ఏడిస్తే చంద్రకళ నవ్వింది. "మీ చేను మేం తిన్నం, మా నీళ్ళు నువ్వు తాగినవ్. ఇగ ఏడుసుడెందుకే?"

ఎర్రావు ఈనిందా? చింతకాయ తొక్కు పంపు. నీ పక్కన పడుకోవాలని ఉంది. బతుకమ్మకు నన్ను ఇంట్లోకి రానిస్తావా? చంద్రకళను వెంట తెచ్చుకోనా? పెత్రమాసనాడు రాజక్కను తలచుకునేటప్పుడు ఆమెనూ ఒక మాట అడుగు. అందరికీ దండాలు. పెత్రమాస మరునాడే సమ్మన్నతో జవాబు రాయించు.

నీ కమలాక్షి