బరువులతో ప్రవేశం లేదు

1999 ఫిబ్రవరి 2

మా ఆరోగ్య శాఖలో మాదాపూర్ వాకింగ్ ట్రాక్ పని నాకు అప్పగించారు. జనాన్ని నడిపించాలి, బీపీ, షుగర్ తగ్గించాలి. అదీ పాలసీ. ఫైలు పట్టుకుని రెండో అంతస్తుకి లిఫ్ట్‌లో వెళ్ళాను. నా బరువు తొంభై నాలుగు కిలోలు.

ఫిబ్రవరి 9

ప్రారంభోత్సవం ఫొటోలు నీట్‌గా రావాలన్నారు డైరెక్టర్ గారు. కొత్తగూడ ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని ఆ స్థలంలోంచే అడ్డంగా వెళ్తుంటారు. వాళ్ళనేం చేద్దామని అడిగారు. గేటుకి బోర్డు పెడదామని నేనే అన్నాను: ‘బరువులతో ప్రవేశం లేదు.’ గుడ్ అన్నారు. ఇంటికొచ్చి మా ఆవిడ స్టెల్లాకి ఆ సంగతి రెండుసార్లు చెప్పాను.

ఫిబ్రవరి 22, ఉదయం 8

సాఫ్ట్‌వేర్ వాళ్ళు ముప్ఫై మంది తెల్ల బూట్లతో నడిచారు. నేను రిబ్బన్ దగ్గరే నిలబడ్డాను. అంజమ్మ అని, ఆకుకూరలు అమ్మే ఆవిడ, గంపతో వచ్చింది. వాచ్‌మన్ పెంటయ్య ఆపాడు. రోజూ పోయే తొవ్వే కదా అని అడిగింది. పెంటయ్య నా వైపు చూశాడు. వద్దన్నట్టు చెయ్యి ఊపాను. ఆవిడ మెయిన్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళింది.

మార్చి 4

అంజమ్మని మెయిన్ రోడ్డు మీద టిప్పర్ కొట్టింది. తొడ ఎముక విరిగింది.

మార్చి 5

ఎంక్వైరీ. బోర్డుకి ఒప్పుకున్న సంగతి గుర్తులేదన్నారు డైరెక్టర్ గారు. పెంటయ్యే అతి చేశాడని తేల్చి పనిలోంచి తీసేశారు. బోర్డు పెట్టమని నేను రాసిన నోట్ ఫైల్లో ఉంది. ఫైలు నా బీరువాలో ఉంది. బీరువాకి తాళం వేసి ఇంటికొచ్చాను.

మార్చి 7, ఆదివారం

చర్చిలో ప్రార్థనకి మోకరించలేకపోయాను. స్టెల్లాకి మోకాళ్ళ నొప్పని చెప్పాను.

మార్చి 11

ఆస్పత్రికి వెళ్ళాను. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. అంజమ్మ నన్ను గుర్తుపట్టి లేవబోయింది.

“సారూ, అందర్ని నడవమని చెప్పేది మీరే గద. నేనెప్పుడు నడుస్తనో జర డాక్టర్ సాబ్‌ను అడుగుండ్రి.”

అడిగాను. ఆరు నెలలన్నాడు. ఆవిడతో మూడని చెప్పి బయటికొచ్చాను. మెట్ల మీద చూసుకుంటే బత్తాయిల సంచి నా చేతిలోనే ఉంది. మళ్ళీ లోపలికి వెళ్ళి ఆరు నెలలని చెప్పాను. బోర్డు పెట్టించింది నేనేనని కూడా.

అంజమ్మ తల నా వైపు తిప్పింది.

“గట్లయితే పెంటన్న నౌకరి ఎందుకు తీసిండ్రు?”

మార్చి 12

నోట్‌తో సహా ఫైలు పైకి పంపాను. తేలికపడతాననుకున్నాను. లేదు.

మార్చి 26

పెంటయ్యని తిరిగి తీసుకున్నారు. బోర్డు పీకేశారు. నాకు మెమో ఇచ్చారు. చదవకుండానే సంతకం పెట్టాను.

ఏప్రిల్ 19

అంజమ్మ ఆకుకూరలు అమ్మే చోట ఆమె కూతురు కూర్చుని అమ్ముతోంది. అమ్మ ఎలా ఉందని అడిగాను. మీరెవరు సార్ అంది. తోటకూర కట్ట తీసుకుని, నేనెవరో చెప్పకుండానే వచ్చేశాను.