గెడ్డలో దొరికిన ఒక్క ఆల్చిప్ప

14 జులై 2003, నందిగాం

పొద్దున్నే అత్తతో జీడితోటకు వెళ్ళాను. నిన్న ఉరుముల వాన పడింది కదా, పుట్ట పక్కన పుట్టగొడుగులు తెల్లగా లేచాయి. అత్త కోస్తుంటే నేను బుట్ట పట్టుకున్నాను. కోయడం అయ్యాక ఎప్పటిలాగే ఆ చోట మన్ను కప్పి, అరచేత్తో మెల్లగా అద్దింది. "పై ఏడు మళ్ళీ ఇక్కడే లేత్తాయి" అంది. నేను కాపురానికి వచ్చాక అవి లేవని ఏడాది లేదు.

తిరిగొస్తూ అత్త ఊరి పక్క గెడ్డ నీళ్ళలోకి దిగింది. పుట్టబోయే బిడ్డకు ఉగ్గు పట్టడానికి కొత్త ఆల్చిప్ప కావాలట. నాకు ఏడో నెల కదా, గట్టు మీదే కూర్చున్నాను. ఒకప్పుడు ఆ గెడ్డలో కాలు పెడితే ఆల్చిప్పలే గుచ్చుకునేవి. ఇప్పుడు ట్రాక్టర్లు ఇసుక తోడుకుపోయిన గుంతలే ఉన్నాయి. చాలాసేపు తడిమితే ఒక్కటి దొరికింది. బతికే ఉంది.

"పుట్టగొడుగు కోసినా దాని మొదలు మన్నులోనే ఉంటాదత్తా. దీన్ని తీసేత్తే ఇంకేటి మిగుల్తాది?" అన్నాను.

అత్త దాన్ని కాసేపు అరచేతిలోనే ఉంచుకుంది. "మీ ఆయనకి ఉగ్గు పట్టిన సిప్ప ఇంట్లో ఉంది కదేటి, అదే సాల్లే" అంటూ వంగి ఇసుకలో దించింది. పైన ఇసుక కప్పి, అరచేత్తో అద్దింది. అచ్చం పుట్ట దగ్గర చేసినట్టే.

"పై ఏడు బోల్డు అవుతాయి, సూడు."

"అవుతాయత్తా" అన్నాను.

పుట్టగొడుగుల కూర ఇద్దరం ఇష్టంగా తిన్నాం. ఆ గెడ్డలో ఆ ఆల్చిప్పకు తోడు ఇంకొకటైనా ఉందో లేదో…