జమీందారు మొహంలో నీరు

ఫిల్మ్ నగర్

బిడ్డ స్వరూపకు నాయిన దీవెనలు. ఫోన్లో చెప్తే ఏడుస్తావని కార్డు రాస్తున్నా.

ఫోటోలో నేను ఒళ్లు చేశానని సంబరపడ్డావు కదా, అది ఒళ్లు కాదు, నీరు. పొద్దున లేస్తే కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి కాళ్లు చెప్పుల్లో పట్టవు. ఆ ఉబ్బిన మొహం చూసే నాకు సినిమాలో జమీందారు వేషం ఇచ్చారు! డాక్టరు మోకాలి కింద వేలితో నొక్కితే గుంట పడి, ఎంతసేపటికీ పూడలేదు. కిడ్నీలు సరిగ్గా పనిచేయక ఒంట్లో నీరు నిలుస్తోందట. నీరు తీసే మాత్ర ఇచ్చాడు.

ఆ సంగతి చెబితే అసిస్టెంట్ డైరెక్టరు ఏమన్నాడో తెలుసా? "తాతా, షూటింగ్ అయ్యేదాకా ఆ మాత్ర వేసుకోకు. మొహం తగ్గితే నిన్నటి షాట్‌కి కలవదు."

నాకు ఒళ్లు మండింది. "నా రోగం నీకు మేకప్ లెక్క కనవడ్తుందా?" అని వాడి ముందే మాత్ర మింగాను.

మామిడికాయ తొక్కు పంపకు, ఉప్పు మానమన్నారు. బర్రె ఈనిందా? మీ అత్తమ్మకు దండాలు చెప్పు, పిల్లలు పైలం.

షాట్ కలవకపోతే కథలో జమీందారును చంపేసుకోమన్నాను. ఆయన చస్తే చావనీ, నేను మాత్రం చావను.

మీ నాయిన
రాజలింగం