పసుపు కడిగిన రాయి

ఫిబ్రవరి 12, 2023. ఆదివారం

ఒళ్లు మండిపోయింది. మా అవ్వ సోమమ్మ ఇవాళ కూడా రోడ్డు పక్కన ఉరిరాయికి పసుపు పూసి, కల్లు సాక పోసి, మొక్కి వచ్చింది. ఆ రాయి ఆమె చిన్నతాత బుచ్చయ్య, ఆయన భార్య బాలమ్మల గుర్తు. ఇద్దరూ విగ్రహాలు వద్దనే అచల గురువు దగ్గర బోధ తీసుకున్నారు. రాళ్లకు మొక్కం, దొర గుడి మెట్టెక్కం అన్నారు. దొర అక్కడే ఉరి తీయించాడు. రాయికి మొక్కనందుకు చచ్చినవాళ్లను రాయిని చేసి మొక్కుతున్నారు! లాజిక్ ఉండక్కర్లేదా?

అవ్వతో అదే అన్నాను. నవ్వింది. గంత సదివితివి, నువ్వూ జర బొట్టు పెట్టి రాపో, కోపం తగ్గుతది అన్నది.

ఫిబ్రవరి 15

హేతువాద సంఘం వాళ్లు పంచిన పాంప్లెట్ మళ్లీ చదివాను. అమరులను దేవుళ్లను చేయడమంటే రెండోసారి చంపడమే అని ఉంది. అండర్‌లైన్ కొట్టాను.

ఫిబ్రవరి 19. ఉదయం 7

సర్ఫ్, వైర్ బ్రష్ పట్టుకెళ్లి రాయి కడిగేశాను. ఎన్ని పొరల పసుపో! కింద ఉత్త నల్లరాయి, ఒక్క పేరు లేదు. పేర్లు నేను చెక్కిస్తాను. నార్కట్‌పల్లి నుంచి రాళ్లు చెక్కే దశరథన్న బుధవారం వస్తానన్నాడు.

సాయంత్రం

పసుపుంటెనే గా రాయి ఉంటది బిడ్డా అన్నది అవ్వ. మూఢనమ్మకం అన్నాను. కంచం నా ముందుకు తోసి లేచిపోయింది.

ఫిబ్రవరి 22

రాయి లేదు. దశరథన్నను వెంటబెట్టుకుని వెళ్లేసరికి అక్కడ గుంత ఉంది. రోడ్డు వెడల్పు పనికి వచ్చిన జేసీబీ పెకిలించింది. డ్రైవర్ ముజఫ్ఫర్ కాలర్ పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి విడిపించుకుని మెల్లగానే చెప్పాడు. పసుపు గనవడ్డా, పచ్చ చాదర్ గనవడ్డా బండి ఆపి ఊరోళ్లను అడుగుతం భాయ్, గిది ఉత్త బండనాయె అన్నాడు.

ఎక్కడ పడేశావంటే రోడ్డు కింద నీళ్లు పోవడానికి కడుతున్న కొత్త మోరీ దగ్గర రాళ్ల కుప్ప చూపించాడు. మోరీ గోడకు వాటినే వాడతారట. గీ రాళ్లల్ల నీది ఏదిరా అని దశరథన్న అడిగాడు.

అన్నీ నల్లవే.

ఫిబ్రవరి 23

రోడ్ల ఆఫీసుకు ఫోన్ చేశాను. మెమోరియల్ అన్నాను. రికార్డుల లేదు, బోర్డేమన్న ఉండెనా అని అడిగారు. రేపు గోడ పని మొదలట.

పాంప్లెట్ చింపబోయి ఆగాను. అందులో తప్పేముంది? అదే ఇంకా మండిస్తోంది.

ఫిబ్రవరి 24

అవ్వతో బకెట్ నిండా పసుపు కలిపించాను. కుప్పలో చేతికందిన ప్రతి రాయికీ పూశాను. ముజఫ్ఫర్ బండి ఆపి, దిగి, గీళ్లెవరు భాయ్ అని అడిగాడు.

బుచ్చయ్య, బాలమ్మ అన్నాను.

నేను మాత్రం మొక్కలేదు.