మూడో బిళ్ల

జూన్ 4

మనవరాలి మొగుడు నిన్న పొద్దున ఇస్త్రీపెట్టె విసిరాడు. గోడకి గుంట పడింది. ఇస్త్రీపెట్టెకి ఏమీ కాలేదు. మంచి సరుకు. మిగతాది చేత్తో కానిచ్చాడు. ఉడత మోచేయి విరిగింది. అడ్డం వెళ్లిన నాకు పైవరసలో మిగిలిన ఒక్క పన్నూ రాలింది. దానికి ఎలాగూ తోడు లేదు.

కుదురుగా ఉండదని మనవరాలికి ఉడత అని పేరు పెట్టింది నేనే. వాడికి గిత్త అని పెట్టిన రోజు ఇంటిల్లిపాదీ నవ్వారు.

జూన్ 6

పోలీసులు గిత్తని వదిలేశారు. మా గుమ్మం తొక్కనని రాయించుకున్నారట. గిత్తలు సంతకం పెట్టి మాట తప్పవని వాళ్ల నమ్మకం.

జూన్ 9

మా తలుపు తాళం కూడా వాడు పెట్టిందే. కన్నం ఉండదు, బిళ్ల చూపిస్తే తెరుచుకుంటుంది. బిళ్లలో కీ ఉంటుందట, అంటే చాంతాడంత నంబరు. దాన్ని నడిపే ప్రోగ్రాం వాడు జావా అనే కంప్యూటర్ భాషలో రాసి, తలుపు పక్క చిన్న పెట్టెలో పెట్టాడు. ఎక్కడ కూర్చునైనా అందులో వేలు పెట్టగలడు. అందుకే ఉడత దాన్ని పీకేసి పైథాన్ అనే ఇంకో భాషలో కొత్తది రాస్తోంది, ఒంటిచేత్తో.

కొత్త నంబర్లు వేసుకోవే అన్నాను. బిళ్లలో కీ మారదు తాతా, పాత పెట్టెలో ఉన్నవే మోసుకు రావాలి అంది. పోనీ లోపల గడియ పెట్టుకుందామన్నాను. నీ చెవులకి గడియ కూడానా, ఇక నేను మెట్లమీదే కాపురం పెట్టాలి అంది. అదీ నిజమే. పిడుగు పడ్డా నాకు పక్కింటివాళ్లు వచ్చి చెప్పాలి.

జూన్ 12

ఉడత బిళ్లకి పచ్చ లైటు. నా బిళ్లకి ఎర్ర లైటు.

నీ నంబరు ముందు జావా ఒక సున్నా తగిలించింది తాతా, పైథాన్ ఒక అంకె ఎక్కువుందని గెంటేస్తోంది అంది. ముందున్న సున్నాకి విలువేముందే, అది తెలియకే కదా పంతులు నన్ను తన్నితే బడి మానేశాను అన్నాను. నంబరు పెద్ద అంకెతో మొదలైతే మైనస్ అని పొరబడకుండా జావా ముందో సున్నాని కాపలా పెడుతుందట. ఈ ఇంటికి కాపలా సున్నాని నేనేనా అన్నాను. కట్టు కట్టిన చేత్తోనే మొట్టబోయి, అమ్మా అని కూర్చుంది.

జూన్ 13

సున్నా పీకేసింది. నాకూ పచ్చ లైటు. లోపలికీ బయటికీ తిరుగుతుంటే కింది ఇంటి దర్జీ, పెద్దాయనా, ఇల్లు అద్దెకి చూస్తున్నావా అన్నాడు.

పాత పెట్టెని సుత్తితో చితక్కొట్టాం. గిత్త మొహమనుకుని కొట్టాను. నాకు ఇంత గురి ఉందని ఇన్నాళ్లూ తెలియదు.

జూన్ 17

నిన్న సాయంత్రం కుర్చీలో కునుకు తీస్తుంటే వీపుకి గాలి తగిలింది. తలుపు తెరుచుకుంది. వచ్చావా ఉడతా అన్నాను. మెడ మీద చెయ్యి పడింది. ఉడత చెయ్యి అంత బరువుండదు.

అదెక్కడ అని గిత్త నా చెవిలో అరిచాడు. బీరువాలో దాక్కుంది అన్నాను. తలుపులు ఊడబెరికాడు. లేదు. అయితే మంచం కింద చూడు బాబూ అన్నాను. మంచం తిరగేశాడు. నీళ్ల డ్రమ్ములో చూశావా అన్నాను. అప్పటికి నా ఆట తెలిసింది. పక్కటెముకల్లో తన్నాడు. పడ్డాను. ఉడత వచ్చే వేళయింది, నాకున్న భయమల్లా అదే. ఇంకా ఏదో వాగాను, ఇంకా తన్నాడు. నన్ను తన్నినంతసేపూ మెట్లవైపు చూడడు కదా.

అయినా ఉడత వచ్చేసింది. జుట్టు పట్టి ఈడ్చి, విరిగిన చేతినే మళ్లీ వెనక్కి తిప్పాడు. ఆ కేక నాకు వినబడింది. ఈ చెవులకే వినబడింది.

పాక్కుంటూ వెళ్లి ఇస్త్రీపెట్టె అందుకున్నాను. మొదటిది మోకాలికి. రెండోది ఎందుకంటే, మొదటిది బాగా తగిలింది.

దర్జీ వచ్చి పట్టుకోకపోతే మూడోది తలకే. పట్టుకున్నందుకు ఆయన మీద ఇంకా కోపంగానే ఉంది.

జూన్ 18

గిత్తని పట్టుకెళ్లిన పోలీసులు చూశారు, తాళం ఎక్కడా పగల్లేదు. గిత్త తన బిళ్లతోనే వచ్చాడు.

పాత పెట్టెలో ఉన్నవన్నీ పట్టుకురా అని ప్రోగ్రాంకి చెప్పిందట ఉడత. అన్నీ పట్టుకొచ్చింది. వాడి నంబరు చిన్న అంకెతో మొదలైంది, సున్నా పేచీ లేదు, చప్పుడు చెయ్యకుండా కొత్తదాంట్లో దిగిపోయింది. తనది చూసుకుంది, నాది చూసింది. వాడిది పెట్టి చూడాలని ఎవరికి తడుతుంది?

నేనే మోసుకొచ్చాను తాతా అని తల బాదుకుంది. బాదుకోకే, ఉన్నవాటిలో విరగనిది అదొక్కటే అన్నాను. ఏడుస్తూనే నవ్వింది. నవ్వితే నాకూ పక్కటెముకలు నొప్పి.

జూన్ 20

సోఫా కింద గిత్త బిళ్ల దొరికింది. వాడి నంబరు తీసేశానని ఉడత చెప్పినా, బయట నిలబడి తలుపుకి పెట్టాను. ఎర్ర లైటు. మళ్లీ పెట్టాను. ఎర్ర లైటు. ఇక లోపలికి రా తాతా, అన్నం చల్లారిపోతోంది అని ఉడత మూడుసార్లు పిలిచిందట, దర్జీ చెప్పాడు. ఇంకొక్కసారి అన్నాను.