స్పానర్ల పెట్టె ఎక్కడుందని అడిగేలోపు

వదినా,

దేవుడి దయవల్ల అందరం బాగానే ఉన్నాం గానీ, మీ తమ్ముడి వల్ల నాకు మాత్రం మనశ్శాంతి లేదు.

మంగళవారం జరగాల్సిన ఈయన మోకాలి ఆపరేషన్ మూడు వారాలు వాయిదా పడింది. కాలి మీద చిన్న గాయమున్నా చేయనని డాక్టరు ముందే చెప్పారు. ఆదివారం నేను పూజలో ఉండగా ఈయన కుంటుకుంటూ వెళ్లి మన లారీ కింద దూరారు. క్లచ్ సరిచేయాలట! మోకాలు వంగక, బయటికి పాకుతుంటే ఫుట్‌బోర్డు అంచు గీసుకుని జానెడు మేర చర్మం లేచిపోయింది. అది నాకూ చెప్పకుండా ఆసుపత్రికి వచ్చారు. నర్సు చూసి "ఇదేంటి బాబాయ్?" అంటే "దోమ కుట్టిందమ్మా" అన్నారు!

మెకానిక్‌ని పిలవొచ్చు కదండీ అన్నందుకు, "మోకాలు ఎలాగూ డాక్టరు చేతిలో పెడుతున్నా, బండినైనా నా చేతిలో ఉండనివ్వవే" అని నా మీదే కేకలు. పైగా ఈ మూడు వారాల్లో గేర్‌బాక్స్ కూడా విప్పుతారట. మెట్టు దిగాలంటే నా భుజం కావాలి, లారీ కింద దూరడానికి మాత్రం ఎవరూ అక్కర్లేదు. ఇదేం న్యాయం వదినా?

అన్నయ్యగారి దగ్గు తగ్గిందా? మీ పాత చేతికర్ర ఎవరిచేతనైనా పంపండి.

స్పానర్ల పెట్టెను దేవుడి అలమారలో పటాల వెనక దాచాను. ఆయన షెడ్డంతా వెతుకుతున్నారు గానీ నన్నింకా అడగలేదు. అడిగితే నేను అబద్ధమాడలేను. ఆయన భయపడేది మీ ఒక్కరికే. అడిగేలోపే నాలుగు అక్షింతలు వేస్తూ కార్డు రాయండి.

మీ ఇద్దరికీ నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

మీ మరదలు